గద్వాల కోట, గద్వాల చీర

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో 17వ శతాబ్దంలో సోమనాద్రి కట్టించిన మట్టికోటే గద్వాలకు గుర్తు. గద్వాల చీరకు పేరు తెచ్చింది కూడా ఇక్కడి సంస్థానాధీశుల ఆదరణేనని చాలామంది నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల మగ్గాల మీద నియమనిష్ఠలతో నేసిన జోడు పంచెలు పంపే ఆనవాయితీ సంస్థానం నుంచే వచ్చింది. అయితే ఆదరణే ఆధారమైతే, సంస్థానాలు పోయిన నాడే మగ్గాలూ మూగబోవాలి కదా! కోట ఆవరణలో ఇప్పుడు డిగ్రీ కళాశాల నడుస్తోంది, జోడు పంచెలు నేటికీ తిరుమలకు వెళ్తున్నాయి, చీర దేశమంతా అమ్ముడవుతోంది.

చీరను నిలబెట్టింది నేత పనితనమే. ఒళ్లంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. స్వభావం వేరైన ఈ రెండింటినీ కలపడమే అసలు కష్టం. ఒంటికో నాడె, రెండు అంచులకు రెండు నాడెలు; నూలు పేక, పట్టు పేక కలిసేచోట ఒకదానికొకటి మెలివేసుకోవాలి. కొంగు దగ్గర నూలు పడుగు పోగులకు పట్టు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. ఎండలు మండే నడిగడ్డలో ఒంటికి చల్లని నూలు, శుభకార్యానికి పట్టు మెరుపు: కొనేవారికి రెండూ దక్కాయి. మరమగ్గాలు చౌకగా నకళ్లు తీయడం లేదా అంటే, తీస్తున్నాయి. చీరకున్న భౌగోళిక గుర్తింపు (జీఐ) పేరును కాపాడుతుందేమో గాని నేతగాడికి కూలి గిట్టుబాటు చేయదు. అసలు చీరను గుర్తుపట్టాలంటే, కొనేముందు అంచు కలిసిన చోట తిరగేసి ఆ మెలిక ఉందో లేదో చూడండి.