కోర్ ఏరియాలో హక్కులు లేవా? అమ్రాబాద్ అడవిపై అపోహలు – వాస్తవాలు

నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ప్రజల భాగస్వామ్యంతో జరిగే అటవీ యాజమాన్యాన్ని అధ్యయనం చేయదలచిన విద్యార్థికి మొదట ఎదురయ్యే అపోహ, కోర్ ఏరియాలో 2006 నాటి అటవీ హక్కుల చట్టం వర్తించదన్నది. ఈ మాట నమ్మిన చెంచు పెంట, అంటే చెంచుల చిన్న ఆవాసం, దరఖాస్తే పెట్టదు. నమ్మిన విద్యార్థి తన ప్రశ్నావళిలో గ్రామసభకు చోటివ్వడు. చివరకు తరతరాలుగా ఆ అడవిలో బతుకుతున్న సముదాయం అతని నివేదికలో ‘అడవిపై ఒత్తిడి’గా మాత్రమే మిగిలిపోతుంది.

చట్టం చెప్పేది ఇందుకు పూర్తిగా భిన్నం. అటవీ భూమిని నిర్వచించే రెండో సెక్షన్ అభయారణ్యాలను, జాతీయ ఉద్యానాలను పేరుపెట్టి చేర్చింది. గ్రామం తన సంప్రదాయ హద్దుల్లోని అడవిని కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే అధికారాన్ని, అంటే సామూహిక అటవీ వనరుల హక్కును, మూడో సెక్షన్ గుర్తించింది. హక్కుల గుర్తింపు ప్రక్రియ పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదని నాలుగో సెక్షన్ చెబుతుండగా, కోర్ ఏరియా, అంటే కీలక పులుల ఆవాసం నుంచి తరలింపు స్వచ్ఛందంగా, గ్రామసభ సమ్మతితోనే జరగాలని వన్యప్రాణి సంరక్షణ చట్టమే నిర్దేశిస్తోంది. ఇంత స్పష్టంగా రాసి ఉన్నదాన్ని చదవకుండా వదంతిని వల్లించడం పరిశోధన అనిపించుకోదు.

అపోహకు బలమిచ్చిన ఆధారం ఒకటి లేకపోలేదు. కీలక పులుల ఆవాసాల్లో హక్కులు ఇవ్వరాదంటూ జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2017 మార్చిలో ఉత్తర్వు పంపింది. విమర్శలు రావడంతో 2018లో దాన్ని ఉపసంహరించుకుంది. ఉత్తర్వు పోయినా దాని నీడ పోలేదు. కర్ణాటకలోని బిళిగిరి రంగనాథస్వామి కొండల్లో సోలిగ గిరిజనులకు 2011లోనే సామూహిక హక్కు పత్రాలు అందాయి. అదీ పులుల అభయారణ్యమేనన్న సంగతి ఇక్కడి చర్చల్లో ఎందుకు ప్రస్తావనకు రాదో ఆలోచించాలి.

వన సంరక్షణ సమితి ఉంటే గ్రామసభ హక్కు అక్కర్లేదనేది మరో పొరపాటు: 1992 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఏర్పడిన సమితులు ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టినవి, గ్రామసభ హక్కు పార్లమెంటు చట్టం గుర్తించినది. సామూహిక హక్కంటే అడవి నరికి పోడు చేసుకోవడమనుకునేవారు, సాగుకు సంబంధించిన వ్యక్తిగత హక్కు వేరని, దానికి 2005 డిసెంబర్ 13 గడువు, నాలుగు హెక్టార్ల పరిమితి ఉన్నాయని గమనించాలి. ఇక అమ్రాబాద్ ఉన్న నల్లమల అడవిలో మంటలన్నిటికీ చెంచులే కారణమనడం, తేనె, కుంకుళ్లు, సారపలుకుల మీద బతికేవారు తమ కూటిని తామే కాల్చుకుంటారనడమే.

అయితే జిగురు తీయడం వల్ల తపసి చెట్లు చచ్చిపోతాయన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేము. గొడ్డలితో లోతుగా, వెడల్పుగా నరికి, గాయం మానకముందే మళ్లీ గాటు పెట్టడం వల్ల తపసి చెట్లు చాలాచోట్ల దెబ్బతిన్నమాట నిజం. కానీ ఆ తప్పు జిగురు సేకరణది కాదు, పద్ధతిది. చిన్న గాట్లు పెట్టి, చెట్టుకు విశ్రాంతినిస్తే చెట్టూ నిలుస్తుంది, రాబడీ నిలుస్తుంది. ఏ చెట్టుకు ఎప్పుడు విరామం ఇవ్వాలో నిర్ణయించే అధికారం సేకరించేవారి గ్రామసభకు ఉన్నప్పుడే ఆ పద్ధతి నిలదొక్కుకుంటుంది.

కాబట్టి విద్యార్థులు పంచాయతీ కేంద్రంలో సమాచారం రాసుకుని తిరిగి వెళ్లకుండా పెంట పెంటకూ నడవాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న ఆవాసం కూడా తన గ్రామసభను నిర్వహించుకోగలదు. సభకు సగం మంది హాజరు కావాలని, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలని నియమాలు చెబుతున్నందున, దుంపలు, పండ్లు సేకరించే స్త్రీలతో విడిగా మాట్లాడటం తప్పనిసరి. సంప్రదాయ హద్దులు, నీటి చెలమలు, పూజించే చెట్లు, శ్మశానాలు సామూహిక హక్కుకు సాక్ష్యాలుగా చెల్లుతాయి; పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెడితే అదీ సాక్ష్యమే. అందుచేత వాటిని గుర్తిస్తూ విద్యార్థి గీసిన పటం కళాశాలకు సమర్పించే నివేదికలో ఉండిపోకూడదు. దాని ప్రతిని, సామూహిక అటవీ వనరుల హక్కు కోసం నింపే ఫారం ‘సి’కి జతచేసుకునేలా, గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీకి అప్పగించి రావాలి.