బరువు లేవాల్సింది నడుముతో కాదు.. తుంటితో!

విజయనగరం: ఇనుము ఎత్తడం ఉత్తరాంధ్రకు కొత్త విద్య కాదు. ‘కలియుగ భీముడు’ కోడి రామమూర్తి నాయుడి పేరు చెప్పుకుని మీసం మెలేసిన నేల ఇది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడకు వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చారు. పొరుగున శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారత మహిళ ఆమే.

ఆ స్ఫూర్తితో ఎందరో యువతీ యువకులు వ్యాయామశాలల బాట పడుతున్నారు. కొందరిది పతకం ఆశ. మరికొందరిది క్రీడల కోటాలో చిన్నపాటి ఉద్యోగం దొరికితే చాలన్న ఆశ. కూలి చేసుకునే ఇంట పుట్టిన కుర్రాడికి నడుమే పెట్టుబడి. అది ఇరవయ్యో ఏట దెబ్బతింటే పోయేది పోటీ ఒక్కటే కాదు, బస్తా మోసి బతికే దారి కూడా మూసుకుపోతుంది. అలా కాకుండా ఉండాలంటే రెండు సంగతులు మరువరాదు. బరువును లేపాల్సింది తుంటి. బలం పెరిగేది విశ్రాంతిలో.

కళాసీకి తెలిసిన కిటుకు

పవర్‌లిఫ్టింగ్‌లో స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ అని మూడు అంశాలుంటాయి. నేల మీద ఉన్న బారును రెండు చేతులతో పట్టి నిటారుగా నిలబడడమే డెడ్‌లిఫ్ట్. ఒలింపిక్స్‌లో ఇది లేదు. అయితే అక్కడి స్నాచ్‌కైనా, క్లీన్ అండ్ జెర్క్‌కైనా మొదటి మెట్టు నేల నుంచి బారును లాగడమే. కనుక వెయిట్‌లిఫ్టర్లకూ ఈ బలం కావాల్సిందే. అమెరికాకు చెందిన లామర్ గాంట్ 1985లో 60 కిలోల దేహంతో 300 కిలోలు ఎత్తాడు. తన బరువుకు ఐదు రెట్లు డెడ్‌లిఫ్ట్ చేసిన తొలి వ్యక్తి అతడే.

చేయి తిరిగిన కళాసీ ధాన్యం బస్తాకు దూరంగా నిలబడి వంగడు. బస్తాను కాళ్ల దగ్గరకు లాక్కుని, పిరుదులు వెనక్కి నెట్టి, వీపు బల్లలా ఉంచి లేపుతాడు. డెడ్‌లిఫ్ట్ కిటుకు కూడా ఇదే. బరువు ఒంటికి ఎంత దూరమైతే నడుము మీద భారం అంత పెరుగుతుంది. అందుకే బారు కాళ్లను రాసుకుంటూ పైకి రావాలి.

శరీరంలోని కండరాలన్నింటిలో పెద్దది పిరుదులది. అది, తొడ వెనుక కండరాలు కలిసి తుంటిని చాచి మనిషిని నిలబెడతాయి. వెన్ను కండరాల పని వెన్నెముక వంగకుండా పట్టి ఉంచడం. తుంటిలో బలం చాలకపోతే ఆ భారం కూడా వెన్ను మీదే పడుతుంది. వీపు విల్లులా వంగి, వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు నలుగుతాయి. ఎక్కువగా దెబ్బతినేది నడుము అడుగున ఉన్న చివరి రెండు డిస్కులే.

తుంటికి బలం ఎలా?

ముందు నేర్వాల్సింది తుంటి వద్ద వంగడం. గోడకు జానెడు దూరంలో వీపు అటు పెట్టి నిలబడాలి. మోకాళ్లు కొద్దిగా వంచి, వీపు వంగకుండా, పిరుదులతో గోడను తాకి రావాలి. బరువు లేకుండా ఇది తప్పులేకుండా వచ్చాకే బారు పట్టాలి.

తర్వాతది రుమేనియన్ డెడ్‌లిఫ్ట్. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ స్వర్ణ విజేత, రుమేనియా లిఫ్టర్ నికు వ్లాద్ వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. నిలబడిన చోటు నుంచే బారును తొడల వెంట మోకాళ్ల కిందికి దించి, తిరిగి తుంటితో పైకి తేవాలి. తాను ఎత్తగలిగే గరిష్ఠ బరువులో సగంతో ఎనిమిదేసి సార్లు మూడు సెట్లు చాలు.

మూడోది హిప్ థ్రస్ట్. వీపు పైభాగం బల్లకు ఆనించి, తుంటి మీద గుడ్డ చుట్టిన బారు పెట్టుకుని పైకి లేపాలి. బల్ల లేనివారు నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, ఒక్కో కాలితో చేసినా తుంటికి పని పడుతుంది. తాలింఖానాల్లో తీసే బస్కీలు తొడలకు మేలే గాని, పిరుదులను వెనక్కి నెట్టే కదలిక వాటిలో తక్కువ. వాటితోనే సరిపెట్టరాదు. ఈ వ్యాయామాలు వారానికి రెండు రోజులు, బరువైన డెడ్‌లిఫ్ట్ ఒక్క రోజు చాలు.

రెండు చెక్కల ఉపాయం

పోటీల్లో వాడే పెద్ద డిస్కు వ్యాసం 45 సెంటీమీటర్లు. అంటే బారు నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. పల్లెల్లో చిన్న ఇనుప బిళ్లలు తొడిగి ఎత్తేచోట బారు ఇంకా కిందికి పోతుంది. దాన్ని అందుకోబోయి వీపు వంగుతుంది. రెండు వైపులా సమానమైన చెక్కలు పేర్చి బారును సరైన ఎత్తుకు తెస్తే ఈ బెడద తప్పుతుంది.

బరువు పెంచడానికీ లెక్క ఉండాలి. 100 కిలోలు ఐదుసార్లు ఎత్తగల కుర్రాడు వారానికి 2.5 కిలోల చొప్పున మూడు వారాల్లో 107.5 కిలోలకు చేరవచ్చు. నాలుగో వారం 70 కిలోలకు దిగి, సెట్లు సగం చేయాలి. ఐదో వారం 107.5 నుంచి మళ్లీ అందుకోవాలి. ఆ తేలిక వారం వృథా కాదు. అలసిన కండరం కోలుకుని గట్టిపడేది అప్పుడే.

ఇవీ అతి లక్షణాలు

మంచం దిగకముందే నాడి లెక్కపెట్టుకోవడం మంచి అలవాటు. రోజూ 60 కొట్టుకునే నాడి వరసగా కొన్నాళ్లు 70 దాటితే అనుమానించాలి. నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, ఊరికే చిరాకు, మూడు రోజులైనా తగ్గని ఒళ్లు నొప్పులు, నిన్నటి వారం లేచిన బరువు లేవకపోవడం.. వీటిలో రెండు మూడు కలిస్తే సాధన మితిమీరిందని గ్రహించి వారం పాటు తగ్గించుకోవాలి. నూర్పుల రోజుల్లో పగలంతా బస్తాలు మోసినవాడు ఆ మోతను కూడా సాధన కిందే లెక్క కట్టుకోవాలి. ఆ సాయంత్రం డెడ్‌లిఫ్ట్ మానుకోవడమే తెలివి.

రాత్రి ఎనిమిది గంటల నిద్ర, దానికి తగిన తిండి కావాలి. బలం పెంచుకునేవారికి కిలో దేహబరువుకు రోజుకు 1.6 గ్రాముల మాంసకృత్తులు అవసరం. 60 కిలోల మనిషికి ఇది 96 గ్రాములు. కోడిగుడ్డులో సుమారు 6, వంద గ్రాముల ఉలవల్లో 22, వేరుశనగ పప్పులో 25 గ్రాములు ఉంటాయి. పొద్దుటి చోడి అంబలికి ఇవి తోడైతే ఖరీదైన డబ్బాల పొడుల అవసరం అంతగా ఉండదు.

విశ్రాంతికి బదులు నిషేధిత మందులను నమ్ముకున్నవారి గతికి గ్లాస్గోనే సాక్ష్యం. అక్కడ సంతోషి మొదట అందుకున్నది కాంస్యం. స్వర్ణం గెలిచిన నైజీరియా క్రీడాకారిణి డోపింగ్ పరీక్షలో పట్టుబడడంతో ఆ కాంస్యం రజతమైంది.

నడుము నొప్పి మోకాలి కిందికి పాకినా, పాదం తిమ్మిరెక్కినా సాధన ఆపి వైద్యుణ్ణి చూడాలి. తొడల మధ్య స్పర్శ తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

కొత్తగా చేరేవారు మొదటి నెల చెక్కల మీద పెట్టిన ఖాళీ బారుతోనే గడపాలి. మగవారి బారు 20, ఆడవారిది 15 కిలోలు. వీపు వంగుతున్న సంగతి ఎత్తేవారికి తెలియదు, పక్కన నిలబడి చూసేవారికే తెలుస్తుంది. అందుకే శిక్షకుడో, అనుభవం ఉన్న తోటివాడో దగ్గర లేనిదే కొత్త బరువుకు చేయి వేయరాదు.