ఓటు మనది, మరి అధికారం ఎవరిది?

పల్నాడు అనగానే నాయకురాలు నాగమ్మ గుర్తుకొస్తుంది. ఒక స్త్రీ మంత్రిగా రాజ్యం నడిపించిన గడ్డ అది. అలాంటి చోట ఓటు వెయ్యడానికి గడప దాటాలంటే ఆడవాళ్ళు జంకాల్సిన పరిస్థితి రావడం ఎంత విచారకరమో ఆలోచించండి.

2024 మే 13న పోలింగు జరుగుతుండగా, మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు 202వ పోలింగు కేంద్రంలో అప్పటి ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి ఓటింగు యంత్రాన్ని పగలగొట్టారని ఎన్నికల సంఘమే చెప్పింది. ఆ దృశ్యం అక్కడి కెమెరాలో రికార్డయింది. పోలింగు అయిపోయాక కూడా జిల్లాలో గొడవలు ఆగక 144వ సెక్షను పెట్టారు. పల్నాడు ఎస్పీని సస్పెండు చెయ్యమనీ, కలెక్టరును బదిలీ చెయ్యమనీ మే 16న సంఘం ఆదేశించింది.

"ఎక్కడో ఢిల్లీలో ఉన్నవాళ్ళు మన కలెక్టరును ఎలా మారుస్తారు?" అనే సందేహం మీకు రావచ్చు. ఎన్నికలు నడిపించే అధికారాన్ని రాజ్యాంగంలోని 324వ అధికరణం ఎన్నికల సంఘానికి ఇచ్చింది. నోటిఫికేషను వచ్చిన రోజు నుంచి ఫలితాలు ప్రకటించే దాకా, ఎన్నికల పనిలో ఉన్న అధికారులూ పోలీసులూ ఆ సంఘం అదుపులోనే ఉంటారు. 1990 నుంచి 1996 వరకు ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉన్న టి.ఎన్.శేషన్ ఈ అధికారం ఎంత గట్టిదో దేశానికి చూపించారు.

చర్య తీసుకోవడం మంచిదే. కానీ పాలు పొంగి పొయ్యిలో పడ్డాక మంట తగ్గించి ఏం లాభం చెప్పండి? భయపడి ఇంట్లో ఉండిపోయిన ఇల్లాలి ఓటు ఎస్పీని సస్పెండు చేస్తే తిరిగి రాదు కదా! ఏ ఊళ్ళో గొడవలవుతాయో అధికారులకు ముందే తెలుస్తుంది. చేతిలో ఉన్న అధికారాన్ని పోలింగుకు ముందే వాడాలి. అది వాళ్ళ దయ కాదు, బాధ్యత.

అధికారులు ఏం చెయ్యగలరో తెలిస్తేనే మనం అడగగలం. అందుకే ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకోండి:

* పోలింగు కేంద్రంలో ప్రిసైడింగు అధికారి మాటే చెల్లుతుంది. అల్లరి చేసేవాళ్ళను బయటికి పంపించమని పోలీసులకు ఆయన చెప్పవచ్చు.

* పోలింగు రోజున కేంద్రానికి 100 మీటర్ల లోపల ఓట్లు అడగడం నేరం. ఎవరైనా అడిగితే అక్కడున్న పోలీసుకు చెప్పండి.

* మీ ఓటు అప్పటికే ఎవరో వేసేశారా? ఊరుకుని వెనక్కి రాకండి. టెండరు ఓటు ఇవ్వమని అడగండి. మామూలు లెక్కింపులో అది కలవదు గానీ, తర్వాత కోర్టుకు వెళితే పనికొస్తుంది.

* గడువు ముగిసే వేళకు మీరు వరుసలో ఉంటే చాలు, ఎంత పొద్దుపోయినా మీ చేత ఓటు వేయించి తీరాలి.

ఓటర్ల జాబితాలో మీ పేరుందో లేదో ఇప్పుడే చూసుకోండి. కొత్తగా చేర్పించాలంటే ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8 నింపాలి. పెళ్ళయి అత్తవారింటికి వచ్చిన కోడలి పేరు కూడా మర్చిపోకండి. సందేహం వస్తే 1950 నంబరుకు ఫోను చెయ్యవచ్చు.

ఒంటరిగా వెళ్ళాలంటే బెరుకా? అత్తగారినీ, పక్కింటి వదిననూ, ఎదురింటి పిన్నినీ వెంటబెట్టుకుని పొద్దున్నే బయలుదేరండి. పదిమంది ఆడవాళ్ళు కలిసి వచ్చి అడిగితే ఏ అధికారైనా సమాధానం చెప్పక తప్పదు!