చూస్తున్న పిల్లలకు ఏం చెబుతున్నాం?

పిల్లాడు చొక్కా గుండీలు తెగి బడి నుంచి వస్తే ఇంట్లో దొరికే సలహాలు ప్రధానంగా రెండు. ‘నువ్వూ నాలుగు తగిలించి రా’ అని ఒకరంటారు, ‘వాళ్ల జోలికి పోకు, పట్టించుకోకు’ అని ఇంకొకరు. ఒకదానికొకటి పొసగని ఈ రెండు మాటల్లోనూ లోపం ఒకటే. ఏడిపించేది నలుగురైనా ఆపాల్సిన పూచీ ఏడుస్తున్న ఒక్కడి మీదే పడుతుంది. బడుల్లో వేధింపులను 1970ల నుంచీ అధ్యయనం చేసిన డాన్ ఓల్వేయస్ వేధింపుకు మూడు గుర్తులు చెప్పారు: కావాలని చేయడం, పదే పదే చేయడం, ఇద్దరి బలాలూ సమానం కాకపోవడం. మూడోది ఒప్పుకుంటే మొదటి సలహా అక్కడే కూలిపోతుంది. తిరిగి కొట్టగలిగే పిల్లాడికి మన సలహాతో పనేముంది? ఇక ‘పట్టించుకోకు’ అనేది, ఏడిపించేవాడికి కావలసింది ఎదుటివాడి కన్నీళ్లు మాత్రమే అనుకుని ఇచ్చే సలహా. వాడికి అంతకంటే ఎక్కువగా కావలసింది చుట్టూ నిలబడి నవ్వేవాళ్లు.

ఇది ఊహ కాదు. టొరంటో బడుల ఆటస్థలాల్లో కెమెరాలు, మైకులు పెట్టి గమనించిన కెనడా పరిశోధకులు 2001లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వేధింపు జరిగిన నూటికి 88 సందర్భాల్లో తోటిపిల్లలు అక్కడే ఉన్నారు. అడ్డుపడింది మాత్రం 19 శాతంలోనే. అయితే ఆ అడ్డుపడడం సగానికి పైగా సార్లు ఫలించింది, అదీ పది సెకన్లలోపే. పది సెకన్లంటే స్టాఫ్‌రూమ్ నుంచి టీచరు లేచి వచ్చేంత సమయం కూడా కాదు. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించగా 2009 నుంచి దేశమంతా విస్తరించిన ‘కివా’ కార్యక్రమానికి పునాది కూడా ఇదే: వంత పాడేవాళ్లను, నవ్వేవాళ్లను, మౌనంగా చూసేవాళ్లను మార్చడం. కాబట్టి మన ఇళ్లలో సలహా అవసరమైంది దెబ్బ తిన్న పిల్లాడికే కాదు, ‘నేనేం చేయలేదు, ఊరికే చూశానంతే’ అనే పిల్లాడికి కూడా.

అడ్డం వెళితే మావాడికీ పడతాయి కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన భయమే. కానీ అండగా నిలవడమంటే కలబడడమని ఎవరన్నారు? అమెరికాలో 13 వేలమందికి పైగా విద్యార్థులను అడిగిన ఒక సర్వేలో, బాధపడ్డ పిల్లలు మేలు చేశాయని చెప్పినవి చాలా చిన్న పనులు: తోటివాళ్లు పక్కన గడపడం, మాట్లాడడం, ధైర్యం చెప్పడం. ఇంటర్వెల్లో పక్కన కూర్చోవడానికి, ఆటో దాకా కలిసి నడవడానికి కండబలం అక్కర్లేదు. పెద్దవాళ్లకు చెప్పడం సంగతి వేరు. దానికి మనమే ‘చాడీలు’ అని పేరు పెట్టి పిల్లల నోరు కట్టేశాం. ఒకణ్ని ఇరికించడానికి చెప్పేది చాడీ. ఒకణ్ని బయటపడేయడానికి చెప్పేది అది కాదు. ఈ తేడా ఏడేళ్ల పిల్లకూ అర్థమవుతుంది, కొందరు పెద్దలకే అర్థం కాదు. ఫిర్యాదు విన్న టీచరు ఇద్దరినీ క్లాసు ముందు నిలబెట్టి ‘ఏరా, కొట్టావా?’ అని అడిగితే, దాని బాకీ సాయంత్రం గేటు బయట వడ్డీతో సహా తీరుతుంది. అందుకే విడివిడిగా అడగమని తల్లిదండ్రులు బడిని కోరాలి. వేధింపుల నివారణకు కమిటీలు ఉండాలని సీబీఎస్‌ఈ 2015లోనే తన బడులకు చెప్పింది కనుక అలా అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

‘మేమూ ఇలాంటివి పడే పెరిగాం, గట్టిపడ్డాం’ అనే వాదన ఒకటి మిగిలింది. గట్టిపడినవాళ్లే ఆ మాట అంటారు. గట్టిపడనివాళ్లు మాట్లాడరు కనుక లెక్కలోకి రారు. వాళ్లనూ లెక్కలో వేసుకుని, బ్రిటన్‌లో 1958లో పుట్టినవాళ్లను దశాబ్దాలపాటు గమనించిన అధ్యయనం 2014లో వెలువడింది. ఏడేళ్లప్పుడు, పదకొండేళ్లప్పుడు తరచూ వేధింపులు పడ్డవాళ్లలో కుంగుబాటు, ఆందోళన నలభై అయిదో ఏటికి కూడా మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపించాయి. అలాంటప్పుడు ‘ఇవాళ నిన్నెవరైనా ఏమన్నారా?’ అన్న రోజువారీ ప్రశ్నకు ఇంకొకటి కలపడం పెద్ద పనేం కాదు: ‘మీ క్లాసులో ఒంటరిగా అన్నం తినేదెవరు?’ పేరు చెప్పడానికి పిల్లలు ఎక్కువసేపు ఆలోచించరు.