ట్యాబ్‌తో చదువు ఎప్పుడు వస్తుంది?

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. రెండు వర్గాలకూ కలిపి 5 లక్షలకు పైగా ఇచ్చింది. చిత్తూరు జిల్లా గంగవరం మండలంలోని సర్కారు హైస్కూళ్లకూ వర్తించిన పథకమది. నెట్ అందని ఊళ్లలోనూ ఆడేలా బైజూస్ సంస్థ వీడియో పాఠాలను మెమరీ కార్డులో ఎక్కించారు. మరుసటి ఏడు ఇంకో విడత ఇచ్చారు. 2024 జులైలో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ట్యాబ్‌లు మాత్రం ఇళ్లలో మిగిలాయి. వాటితో ఏం చేయాలన్నదే మన ముందున్న ప్రశ్న.

వీడియో పాఠం ఎక్కడ చాలదో ఒక లెక్కతో చూద్దాం. మూడు బై నాలుగుకు ఒకటి బై ఆరు కలపాలి. చాలామంది పిల్లలు పైవి పైవీ, కిందివి కిందివీ కూడి నాలుగు బై పది అని రాసేస్తారు. సరైన జవాబు పదకొండు బై పన్నెండు. అలా తప్పు రాసిన పిల్లకు క.సా.గు. రాలేదు, భిన్నమంటే ఏమిటో కూడా తెలియకపోవచ్చు. వీడియో పాఠానికి ఆ సంగతి తెలియదు, అది ఎనిమిదో తరగతి బీజగణితం చెప్పుకుంటూ పోతుంది. పిల్ల తప్పును పసిగట్టి, అయిదో తరగతి భిన్నాల దగ్గరికి వెనక్కి తీసుకెళ్లి, అక్కణ్ణుంచి మెట్టుమెట్టుగా పైకి తెచ్చే సాఫ్ట్‌వేర్లు వేరే ఉన్నాయి. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్‌ను 619 మంది పిల్లలతో పరీక్షించారు. లాటరీలో అవకాశం వచ్చినవాళ్లు నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ మిగతావాళ్లను స్పష్టంగా దాటిపోయారు.

చదివి అర్థం చేసుకోవడం దగ్గరికొస్తే కాగితానిదే పైచేయి. 54 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి పరిశోధన, సమాచారం ఉన్న పాఠాన్ని తెర మీదకన్నా అచ్చులో చదివినప్పుడే బాగా అర్థమవుతుందని తేల్చింది. సమయం తక్కువున్నప్పుడు ఈ తేడా ఇంకా పెరిగింది. స్వీడన్ 2023లో అచ్చు పుస్తకాల కోసం మళ్లీ డబ్బు కేటాయించింది.

పిల్ల ఎక్కడుందో కనిపెట్టి అక్కణ్ణుంచి నేర్పడానికి తెర ఒక్కటే దారి కాదు. మదనపల్లె దగ్గరున్న రిషివ్యాలీ విద్యాసంస్థ, చుట్టుపక్కల పల్లె బడుల్లో ఆ పనిని దశాబ్దాలుగా అట్టముక్కల మీద చేస్తోంది. పాఠాన్ని చిన్న కార్డులుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక గుర్తు వేశారు. గోడ మీద నిచ్చెన పటం ఉంటుంది. పిల్ల తన మెట్టు తానే వెతుక్కుని, కార్డు తీసుకుని, జట్టులో కూర్చుంటుంది. కొందరు పంతులు దగ్గర, కొందరు తోటివాళ్లతో, కొందరు సొంతంగా నేర్చుకుంటారు. పలు తరగతులకు ఒకే పంతులున్న బడిలోనూ ఎవరి వేగం వాళ్లకు ఉంటుంది. తమిళనాడు ఇక్కణ్ణుంచే నేర్చుకుని వేల బడుల్లో ఈ పద్ధతి పెట్టింది.

కాబట్టి గంగవరం బడుల పెద్దలకు, తల్లిదండ్రులకు నా మనవి ఇది. పాఠం పుస్తకంలో చదివించండి. లెక్కల సాధనకు, వినే అభ్యాసానికి, తెలుగు కథల కోసం స్టోరీవీవర్ వంటి ఉచిత పుస్తకాలకు ట్యాబ్ వాడండి. ఏ పిల్ల ఏ మెట్టు దగ్గర ఆగిందో టీచరు వారానికోసారి చూసి, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి. అందుకు ఒక గంట టైంటేబుల్‌లో లేకపోతే ఎంత ఖరీదైన ట్యాబ్ ఇచ్చినా దండగే.