తెరచుకొనని బానెట్టు

గత వేసవిలో నొకనాటి మధ్యాహ్నము మా వసతిగృహమునకు బియ్యపు బస్తాలు తెచ్చుచున్న పికప్ బండి పాఠశాల ద్వారముకడకు వచ్చుసరికి, దాని వేడిమిని దెలుపు ముల్లు ఎఱ్ఱగీతను తాకియుండెను. డ్రైవరు వెంటనే ఇంజను ఆపి, అది చల్లారిన పిమ్మట నీరు చూడవలెనని బానెట్టు మీటను లాగెను. మీట వచ్చెను గాని బానెట్టు లేవలేదు. మూడుమాఱులు లాగినను ఫలము లేకపోయెను. చుట్టును చేరిన బాలురలో నొకడు గునపము తెచ్చెను. మఱియొకడు పిడికిటితో గుద్దుటకు సిద్ధపడెను. గునపము పెట్టినచో రేకు వంగును, రంగు పోవును, గొళ్ళెము మాత్రము రాదు. కావున మేము వారిని వారించి, "ఇది యెట్లు పనిచేయునో మొదట తెలిసికొందము రండు" అని పిలిచితిమి. ఆనాడు వారికి చెప్పిన సంగతులనే యిచ్చట వ్రాయుచున్నాము. ఇంట బండిగల తల్లిదండ్రులకును ఇవి యుపయోగపడునని మా తలంపు.

బానెట్టనగా ఇంజనును కప్పియుండు రేకుమూత. 1908 మొదలు 1927 వఱకు తయారైన ఫోర్డు మాడల్ టి బండికి ఈ మూత ఇరుప్రక్కల రెక్కలవలె పైకి లేచెడిది. నేటి బండ్లలో నది సాధారణముగా ఒకే రేకుగా నుండి, వెనుక అద్దముకడ బందులపై నిలిచి, ముందువైపున తెరచుకొనును. ఇందు సౌకర్యముతోపాటు అపాయమును గలదు. బండి వేగముగా పోవుచుండగా గొళ్ళెము ఊడినయెడల ఎదురుగాలి మూతను పైకెత్తి అద్దముపై కొట్టును. డ్రైవరునకు త్రోవ కానరాదు. దీనిని నివారించుటకే గొళ్ళెములు రెండుండును. ముందునుండి తెరచుకొని డ్రైవరు చూపునకు అడ్డుపడగల మూతకు రెండవ పట్టు తప్పక యుండవలెనని అమెరికా దేశపు 113వ నంబరు వాహనభద్రతా నియమము 1969 జనవరి 1వ తేదీనుండి నిర్బంధించినది.

గొళ్ళెపు నిర్మాణము కఠినమైనది కాదు. మూత క్రిందివైపున వంచిన ఇనుపకమ్మి యొకటి బిగించియుండును. రేడియేటరు పైనుండు అడ్డపట్టీకి స్ప్రింగుగల కొక్కెమొకటి యమర్చియుండును. మూతను దించినపుడు కమ్మి ఆ కొక్కెమును త్రిప్పి దానిలో చిక్కుకొనును; వెంటనే యొక చిన్న అడ్డుబిళ్ళ వచ్చి కొక్కెము వెనుకకు తిరుగకుండ నిలుపును. డ్రైవరు కూర్చుండుచోట నున్న మీటను లాగినపుడు ఒక ఉక్కుతీగ ఆ అడ్డుబిళ్ళను ప్రక్కకు తీయును. కొక్కెము విడువగానే స్ప్రింగును రబ్బరుదిమ్మలును మూతను కొంచెము పైకి నెట్టును. అంతలో రెండవ గొళ్ళెము దానిని పట్టుకొనును. ఆ సందులో వ్రేలు దూర్చి రెండవ గొళ్ళెపు నాలుకను త్రోసిననే గాని మూత పూర్తిగా లేవదు.

మీటనుండి గొళ్ళెమువఱకు పోవు తీగ సైకిలు బ్రేకు తీగవంటిదే. దానిపై తొడుగు కదలక నిలిచియుండగా లోపలి తీగ మాత్రము జాఱుచు మన లాగుడును మోసికొనిపోవును. ఇట్టి తీగకు 1896వ సంవత్సరమున ఎర్నెస్టు మోనింగ్టన్ బౌడెన్ అనునాతడు పేటెంటు పొందెను; అందుచే నేటికిని దానిని బౌడెన్ తీగ యందురు. తొడుగు కదలకుండుటయే దీనికి ప్రాణము. అది తన పట్టునుండి జాఱినయెడల మన బలమంతయు తొడుగును కదల్చుటకే వ్యయమగును గాని అడ్డుబిళ్ళకు చేరదు.

ఇక లోపమెచ్చట నున్నదో మన చేతికి మీటయే చెప్పును. మీట బిగువుగా నుండి కదలకున్నను, కష్టముగా కదలినను, గొళ్ళెమున దుమ్ముతో కలిసిన పాత గ్రీజు గట్టిపడియుండును, లేదా తుప్పు పట్టియుండును. మీట ఏ బిగువును లేక వదులుగా వచ్చినచో తీగ తెగియుండును, లేదా జాఱియుండును. టక్కుమని శబ్దము వినవచ్చియు మూత లేవకున్నచో మొదటి గొళ్ళెము విడిచినదనియు, మూతను నెట్టవలసిన స్ప్రింగు బలహీనమైనదనియు, లేక అంచు రబ్బరు అంటుకొన్నదనియు ఊహింపవచ్చును.

పనికి పూనుకొనుటకు ముందు ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, బండి చల్లారువఱకు వేచియుండవలెను. నేటి బండ్లు కొన్నింటిలో విద్యుత్తుతో తిరుగు పంకా ఇంజను ఆగిన పిమ్మట సయితము తనంతట తాను తిరుగనారంభించును. తెగిన తీగ కొనలు సూదులవలె గ్రుచ్చుకొనును గనుక చేతితొడుగులు మేలు.

ఈ పని యిద్దఱు చేయవలసినది. ఒకడు మూత ముందంచున, సరిగా గొళ్ళెమునకు పైగా, రెండు అరచేతులు పెట్టి నెమ్మదిగా క్రిందికి నొక్కవలెను. మూత నడుమ నొక్కినయెడల రేకు సొట్టపడును. అతడు నొక్కియుండగా రెండవవాడు మీటను లాగి పట్టుకొనవలెను. అటుపిమ్మట మొదటివాడు చేతులు తీయవలెను. పైకి నెట్టుచున్న స్ప్రింగుల బలముచే కొక్కెము అడ్డుబిళ్ళపై బిగిసియుండును. మనము నొక్కగానే ఆ బిగువు తగ్గి అడ్డుబిళ్ళ సులభముగా ప్రక్కకు జరుగును. ఒకమాఱు కాకున్న పదిమాఱులు ఓపికతో చేయవలెను.

తీగ మీటకడ తెగినయెడల దాని కొనను పట్టకారుతో పట్టి నిదానముగా లాగిన చాలును. గొళ్ళెముకడ తెగినయెడల ముందరి జాలీ సందునుండి దీపము వేసి చూచి, పొడుగాటి స్క్రూడ్రైవరుతో అడ్డుబిళ్ళను త్రోయవచ్చును. బండి క్రింద దూరవలసివచ్చిన పని మెకానికునకే విడువవలెను. ఒక్క జాకీపై నిలిపిన బండి క్రింద ఎవరును ఎన్నడును తల పెట్టరాదు.

మా బండికి అరచేతుల యుపాయమే చాలెను. నాలుగవమాఱున మూత లేచెను. కాని రెండవ గొళ్ళెపు నాలుకను త్రోయకయే మూత పూర్తిగా పైకి వచ్చెను! బాలురు సంతోషించి కేకలు వేసిరి గాని డ్రైవరు ముఖము వెలవెలబోయెను. చూడగా రెండవ గొళ్ళెము తుప్పుపట్టి, దాని స్ప్రింగు విఱిగి, వెనుకకు వ్రాలియుండెను. ఎన్ని దినములనుండి అట్లుండెనో యెవరికిని తెలియదు. అన్ని దినములును ఆ బండి పెద్దరోడ్డుపై ఒకే గొళ్ళెముతో తిరిగినది. తెరచుకొనని గొళ్ళెము మనలను విసిగించును గనుక దానిని గమనింతుము. పట్టుకొనని గొళ్ళెము ఏమియు మాటలాడదు, దానివలననే ప్రాణమునకు ముప్పు.

మూత తెరచిన పిమ్మట పాత గ్రీజును బ్రష్షుతోను కొంచెము కిరసనాయిలుతోను కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆఱిన తరువాత క్రొత్త గ్రీజు పలుచగా రాయవలెను. వేడి ఇంజనుపై కిరసనాయిలు పడరాదు. అటుపిమ్మట మూతను వెంటనే దింపరాదు. తెరచియుండగానే స్క్రూడ్రైవరుతో కొక్కెమును మూసి, మీటను లాగి, అది విడుచుచున్నదో లేదో చూడవలెను. అట్లు చూడక మూసినచో మరల మొదటికే వత్తుము. చివరకు మూతను దించి, మీటను లాగి, రెండవ గొళ్ళెమును తాకకయే పైకెత్తి చూడవలెను. అది లేవకుండుటయే మనకు కావలసినది.

మా డ్రైవరు ఆనాడు బస్తాలు దింపించి, నీరు కాఱుచున్న రబ్బరుగొట్టమును బిగించి, క్రొత్త గొళ్ళెము తెప్పించి అమర్చువఱకు బండిని కదలనీయలేదు. గునపము తెచ్చిన బాలుడే నేడు ప్రతి మాసారంభమున గ్రీజు డబ్బాతో బండికడకు పోయి రెండు గొళ్ళెములను పరీక్షించుచున్నాడు. విద్యార్థులారా, మీ యిండ్లలోని బండ్లకును ఇట్టి పరీక్ష యొకటి చేయుడు. దానికి పట్టునది అయిదు నిమిషములే.