నొప్పికి భాష లేదు, లైసెన్సు ఉంది

2014 ఫిబ్రవరి మూడవ వారాన్ని తెలుగువారు మరువలేరు. 18న లోక్‌సభ, 20న రాజ్యసభ మన రాష్ట్ర విభజన బిల్లును ఆమోదించాయి. ఆ కోలాహలంలో, అదే వారం ఉభయ సభలూ ఆమోదించిన మరొక బిల్లు మరుగున పడిపోయింది. అది మాదకద్రవ్యాల చట్టానికి సవరణ. దాని అవసరం తెలియాలంటే ఢిల్లీ వదిలి సూరత్ వెళ్లాలి.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వెళ్లిన మన పద్మశాలీ కుటుంబాలు అక్కడి లింబాయత్ ప్రాంతంలో తరాలుగా నివసిస్తున్నాయి. అటువంటి ఇంటి బిడ్డ ఒకడు ఇంటెన్సివ్ కేర్ వార్డులో వెంటిలేటర్‌పై ఉన్నాడనుకుందాం. గొంతులో గొట్టం ఉన్నందున గొంతెత్తి ఏడవలేడు. ఆ బాధను కనిపెట్టవలసిన నర్సుది గుజరాతీ, తల్లిది తెలుగు.

నిద్రపుచ్చడం వేరు, నొప్పి తీయడం వేరు. మిడజొలామ్ మత్తునిస్తుంది, బాధను తీయదు. కండరాలను స్తంభింపజేసే మందు ఇస్తే బిడ్డ కదలడు, బాధ అలాగే ఉంటుంది. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్, ఫెంటనిల్ వంటివే ఆధారం. మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది. రోజుల తరబడి ఇచ్చి హఠాత్తుగా ఆపితే వణుకు, వాంతులు పుడతాయి. కనుక బరువును బట్టి మోతాదు, నిరంతర పరిశీలన, క్రమంగా తగ్గింపు తప్పనిసరి.

పసికందులకు నొప్పి అంతగా తెలియదన్న అపోహ 1980ల దాకా వైద్యలోకంలోనే ఉండేది. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్, 1987లో 'లాన్సెట్' పత్రికలో దానిని ఖండించారు. నెలలు నిండని శిశువులకు శస్త్రచికిత్సలో ఫెంటనిల్ ఇస్తే శరీరంపై ఒత్తిడీ, అనంతర చిక్కులూ తగ్గుతాయని నిరూపించారు.

విజ్ఞానం అలా ముందుకు నడుస్తుండగా మన చట్టం ఎదురు నడిచింది. మాదకద్రవ్యాల చట్టం అమలులోకి వచ్చిన తేదీ 1985 నవంబరు 14, బాలల దినోత్సవం! పలు శాఖల లైసెన్సులు, తప్పితే కనీసం 10 ఏళ్ల జైలు. ఆస్పత్రులు మార్ఫిన్ జోలికి పోవడం మానేశాయి. 1997 నాటికి దేశమంతటి వైద్య వినియోగం 18 కిలోలకు పడిపోయింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్ పొలాల్లో ప్రభుత్వ అనుమతితోనే నల్లమందు పండించే దేశం మనది!

2014 సవరణ మార్ఫిన్, ఫెంటనిల్ వంటి మందులకు దేశమంతటా ఒకే నిబంధనలకు దారి వేసింది. గుర్తింపు ఇవ్వవలసింది రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ. వెంటిలేటర్‌పై ఉన్న బిడ్డ కదలికలకు, కండరాల బిగువుకు, ముఖ కవళికలకు అంకెలు వేసే 'కంఫర్ట్' పట్టిక 1992 నుంచే ఉంది. దానికి గుజరాతీ అక్కరలేదు, తెలుగూ అక్కరలేదు. మంచం పక్కన తీరిక గల నర్సు ఉంటే చాలు.

విభజన లెక్కలు మన నాయకులు నేటికీ అడుగుతూనే ఉన్నారు. అడగవలసిందే. అదే వారం వచ్చిన ఈ రెండవ చట్టం లెక్క కూడా అడగాలి. తమ జిల్లాలో ఎన్ని ఆస్పత్రులకు ఆ గుర్తింపు వచ్చింది? పిల్లల వార్డులో రాత్రివేళ ఒక్కొక్క నర్సుకు ఎన్ని మంచాలు? ఓటు లేని ఆ రోగుల పక్షాన శాసనసభలో ఈ రెండు ప్రశ్నలు వేసే సభ్యుడెవరో చూడాలి.